లెక్క వినే మనిషి

డబ్బు దాచడానికి ఏ యాప్ వాడుతున్నావని అడిగినవాళ్లు నా జవాబు విని కాస్త నీరుగారిపోతారు. యాప్ ఏదైనా ఒకటే, రూళ్ల నోట్‌బుక్ అయినా ఒకటే. వారానికోసారి ఆ లెక్క పైకి చదివితే వినేవాళ్లు ఒకరుండాలి, నేను చెప్పేది అంతే. నాకు ఒక స్నేహితురాలు ఉంది. ఒకప్పుడు ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో పనిచేశాం, ఇప్పుడు ఎవరి ఉద్యోగం వాళ్లది. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తుంది. ఆ వారం తన లెక్క తను చెబుతుంది, నాది నేను చెబుతాను. అరగంటలో అయిపోతుంది. ఆ తర్వాత పిల్లల గురించీ పని గురించీ ఎంతసేపు మాట్లాడుకున్నా సరే, లెక్క మాత్రం ముందు తేలాలి.

ఈ ఏర్పాటు తనే మొదలుపెట్టింది. అప్పట్లో తనకు మూడు క్రెడిట్ కార్డుల మీద బాకీ ఉండేది. ప్రతి నెలా మూడింటికీ మినిమమ్ డ్యూ, అంటే ఆ నెల తప్పక కట్టాల్సిన కనీస మొత్తం మాత్రం కడుతూ వచ్చింది. గడువు దాటలేదు, ఫైన్ పడలేదు, బ్యాంకు నుంచి ఫోన్లు రాలేదు. పైకి అంతా బాగానే ఉన్నట్టు. కానీ మినిమమ్ కట్టినన్నాళ్లూ అందులో పెద్ద భాగం వడ్డీకే పోతుంది, అసలు బాకీ తరుగుతున్నట్టు కూడా తెలియదు. పైగా పాత బాకీ మిగిలి ఉంటే, చాలా కార్డుల్లో కొత్తగా కొన్న వస్తువు మీద కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇవన్నీ తనకు తెలియనివి కావు, లెక్కల్లో నాకంటే దిట్ట. అయినా స్టేట్‌మెంట్ తెరవడం మానేసింది. ఈమెయిల్ రాగానే చదవకుండా ఒక ఫోల్డర్‌లోకి నెట్టేసేది.

దీన్ని బద్ధకం అనేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. షేర్ మార్కెట్ పడుతున్న రోజుల్లో మదుపరులు తమ ఖాతాలు తెరిచి చూసుకోవడం తగ్గిస్తారని 2009లో ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలతో సహా చూపించారు. పెరుగుతున్నప్పుడు పదే పదే చూసుకునేవాళ్లే, పడుతున్నప్పుడు చూడరు. చెడ్డ అంకె చూడటం నిజంగానే బాధ. ఆ బాధ ఒంటరిగా పడలేక మనసు పక్కకు తిరుగుతుంది. అప్పు ఉన్న మనిషికి అదనపు సమాచారం ఇచ్చి లాభం లేదు, ఉన్న సమాచారం వైపు చూసే ధైర్యం కావాలి.

ఒకరోజు ఫోన్ చేసి, "నాకు సలహాలొద్దు. నేను స్టేట్‌మెంట్లు తెరిచి ఒక్కోటి చదువుతాను. నువ్వు లైన్‌లో ఉండు, చాలు" అంది. ఉన్నాను. తను చదువుతుంటే అంకెలు ఒక కాగితం మీద రాసుకున్నాను. మధ్యలో రెండు చోట్ల ఆగిపోయింది. నేనేమీ అనలేదు. మళ్లీ మొదలుపెట్టింది. చివర్లో మొత్తం ఎంతయిందో తనే కూడి చెప్పింది. ఆ అంకె చాలా పెద్దదే, కానీ తను భయపడినంత పెద్దది కాదు. ఆ రోజు నేను చేసిన సాయమల్లా ఫోన్ పెట్టేయకుండా ఉండటమే. అప్పటినుంచి అదే పని చేస్తున్నాను, తనూ నాకు అదే చేస్తోంది.

మేం ఒకరినొకరు అడిగే ప్రశ్నలు మారవు. పోయిన వారం ఏం చేస్తానన్నావు? చేశావా? చేయకపోతే ఏం అడ్డొచ్చింది? వచ్చే వారం ఏం చేస్తావు? వీటికి తర్వాత తను ఇంకోటి కలిపింది, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది అదే: "నాకు చెప్పకుండా దాటేద్దామనుకున్న ఖర్చు ఏదైనా ఉందా?" ఈ ప్రశ్న అడగకపోతే చెప్పే అబద్ధాలు ఉండవు, చెప్పని నిజాలు ఉంటాయి. అడిగితే సగం సార్లు నవ్వొస్తుంది, సగం సార్లు ఒక నిట్టూర్పు తర్వాత ఆ ఖర్చు బయటికొస్తుంది. జవాబు ఏదైనా అవతలివాళ్లు చెప్పాల్సింది ఒకటే: "సరే, రాసుకున్నాను." "అయ్యో, మళ్లీనా?" అని ఒక్కసారి అన్నా, తర్వాతి వారం ఆ ఖర్చు ఫోన్‌లో వినపడదు. ఖర్చు ఆగదు, వినపడటమే ఆగిపోతుంది. అందుకే నా గొంతు మామూలుగా ఉంచుకోవడం నేను నేర్చుకోవాల్సిన పనిగానే చూస్తాను.

ఎవరో ఒకరు అడుగుతారని తెలిస్తే మనుషులు ఎంత మారతారో చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ చిలీలో జరిగిన పరిశోధన. చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునే రెండున్నర వేల మందికి పైగా అందులో పాల్గొన్నారు. కొందరిని గుంపులుగా కలిపారు. ఎవరి పొదుపు లక్ష్యం వాళ్లు అందరి ముందు చెప్పాలి, వారం వారం కలిసినప్పుడు ఎంత వేశారో చూపించాలి. ఇంకొందరికి మామూలు కంటే చాలా ఎక్కువ వడ్డీ వచ్చే ఖాతా ఇచ్చారు. గుంపుల్లో ఉన్నవాళ్లు ఖాతాలో డబ్బు వేసిన సార్లు 3.5 రెట్లయ్యాయి, సగటు నిల్వ దాదాపు రెట్టింపయింది. ఎక్కువ వడ్డీ మాత్రం చాలామందిలో ఏ మార్పూ తేలేదు. ఆ తర్వాత రెండో ప్రయోగంలో సమావేశాలు తీసేసి, "ఈ వారం అనుకున్నంత వేశారు" లేదా "వేయలేదు" అని తెలిపే ఫోన్ మెసేజ్‌లు మాత్రం పంపితే, దాదాపు అంతే ఫలితం వచ్చింది.

మెసేజ్‌ల సంగతి చదివాక నేను చాలాసేపు ఆలోచించాను. తోటివాళ్ల ముందు చిన్నబోతామన్న భయమే మనుషుల చేత పొదుపు చేయిస్తుందని అప్పటిదాకా అనుకునేదాన్ని. కానీ అక్కడ చిన్నబోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. క్రమం తప్పకుండా ఎవరో పట్టించుకుని అడగడమే పనిచేసింది. అంటే సిగ్గుపెట్టాల్సిన అవసరమే లేదు. ఇంట్లోవాళ్ల చేత డబ్బు దాచి పెట్టించాలని పదిమందిలో దెప్పిపొడిచేవాళ్లు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే ఎంత బాగుండునో.

మేం నెలకోసారి కాకుండా వారానికోసారి ఎందుకు మాట్లాడుకుంటామంటే, నెల పూర్తయ్యాక చెప్పేది జరిగిపోయిన కథ. వారంలో అయితే ఇంకా మూడు వారాలు చేతిలో ఉంటాయి. లక్ష్యం వైపు ఎంత దూరం వచ్చామో తరచూ చూసుకునేవాళ్లు దాన్ని చేరే అవకాశం పెరుగుతుందనీ, ఆ సంగతి కాగితం మీద రాసినా ఇంకొకరికి చెప్పినా ఆ ప్రభావం ఇంకా ఎక్కువనీ 138 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పెద్ద పరిశీలన 2016లో తేల్చింది. మేం రాస్తాం కూడా, చెబుతాం కూడా. తన అంకె నా పుస్తకంలో, నా అంకె తన పుస్తకంలో ఉంటుంది. "పోయినసారి ఎంత అన్నాను?" అని తను నన్నే అడుగుతుంది.

అలాగని అందరికీ చెప్పుకోవడం మంచిదని కాదు. "ఈ ఏడాది అప్పులన్నీ తీర్చేసి కొత్త జీవితం మొదలుపెడుతున్నాను" అని సోషల్ మీడియాలో పెడితే వందమంది అభినందిస్తారు. ఆ అభినందనతోనే సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. నేను ఫలానా మనిషిని కాబోతున్నానని పైకి ప్రకటించి, దాన్ని ఇతరులు గుర్తించిన తర్వాత, ఆ దిశగా చేసే కృషి తగ్గుతుందని 2009లో వచ్చిన మరో పరిశోధన చెప్పింది. వందమందికి ఏం కాబోతున్నానో చెప్పేకంటే, ఒకరికి శుక్రవారం లోపల ఎంత కడతానో చెప్పడం మేలు. కట్టానో లేదో ఆ ఒకరు తప్పకుండా అడుగుతారు, ఆ వందమంది అడగరు.

ఇక ఆ ఒకరు ఎవరు? కర్ణాటకలో 60 పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగంలో, ఎవరి లక్ష్యం వాళ్లే పెట్టుకున్న పొదుపుదారులకు తమ ఊళ్లోని ఒకరిని పరిశీలకులుగా పెట్టారు. పొదుపు ఎలా సాగుతోందో ఆ ఒక్కరికి తెలుస్తూ ఉంటుంది, అంతే. ఆ కుటుంబాల మొత్తం పొదుపు మూడో వంతుకు పైగా పెరిగింది. ఊళ్లో నలుగురితో సంబంధాలున్న మనిషి పరిశీలకులైతే ఇంకా ఎక్కువ పెరిగింది. ప్రయోగం ముగిసి ఏడాది దాటాక చూసినా ఆ తేడా నిలిచే ఉంది. నలుగురిలో పేరు నిలబెట్టుకోవాలన్న కోరిక దీనికి కారణమని పరిశోధకులు అన్నారు. పొదుపు విషయంలో అది నాకు అర్థమవుతుంది. డబ్బు దాస్తున్నానని ఎవరికి తెలిసినా గౌరవమే.

అప్పు విషయంలో మాత్రం నేను వేరేలా ఆలోచిస్తాను. అప్పు గురించి చెప్పాల్సి వస్తే, మీ బంధువులతోనూ ఆఫీసుతోనూ సంబంధం లేని మనిషిని చూసుకోండి. నా స్నేహితురాలు నన్ను ఎంచుకున్నది కూడా అప్పటికి నేను ఆ ఆఫీసు వదిలేశాను కాబట్టే. తను చెప్పింది ఎక్కడికీ పోయే దారి లేదు. మీ దగ్గర అప్పు తీసుకున్నవాళ్లు, మీకు అప్పిచ్చినవాళ్లు, మీ పై అధికారి, బీమా పాలసీలు, మ్యూచువల్ ఫండ్లు అమ్మి కమీషన్ తీసుకునేవాళ్లు ఎంత మంచివాళ్లయినా ఈ పనికి పనికిరారు. మీ లెక్కలో వాళ్లకూ ఏదో ఒక లాభం గానీ నష్టం గానీ ఉంటుంది.

భార్యాభర్తల సంగతి చాలామంది అడుగుతారు. మా ఆయనకూ నాకూ మధ్య దాపరికం లేదు, ఇంటి ఖర్చు ఇద్దరం కలిసే వేసుకుంటాం. అయినా ఆదివారం లెక్క మా ఆయనకు చెప్పను. కారణం సులభం. నేను ఎక్కువ ఖర్చు పెడితే తన మీద కూడా భారం పడుతుంది, విన్న మరుక్షణం తనకు టెన్షన్ రావడం న్యాయమే. టెన్షన్ పడే మనిషి ప్రశాంతంగా వినలేరు. ఇద్దరూ ఒకే లెక్కలో భాగస్తులైనప్పుడు కూర్చుని మాట్లాడుకోవడం వేరు, బయటి మనిషికి లెక్క చెప్పడం వేరు. రెండూ కావాలి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంట్లో ఒకరు ఇంకొకరి ప్రతి ఖర్చుకూ రసీదు అడగడం, జీతం ఖాతా తమ చేతిలో పెట్టుకోవడం, బస్సు చార్జీకి కూడా అడిగి తీసుకునేలా చేయడం ఆర్థిక క్రమశిక్షణ పేరుతో జరుగుతుంటుంది. అది వేధింపు. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. లక్ష్యం ఎవరు పెట్టారు? ఈ ఏర్పాటు ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేసే హక్కు నాకు ఉందా? నా డబ్బు నా చేతిలోనే ఉందా? చిలీలోనూ కర్ణాటకలోనూ లక్ష్యం ఎవరిది వాళ్లే పెట్టుకున్నారు. నా స్నేహితురాలు ముందు ఏ కార్డు తీర్చాలా అని ఆలోచిస్తున్నప్పుడు, ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు తీరిస్తే మొత్తం మీద తక్కువ డబ్బుతో బయటపడుతుందని నాకు తెలుసు, తనకూ తెలుసు. అయినా అన్నిటికంటే చిన్న బాకీ ముందు తీర్చేసి ఒక కార్డు మూసేస్తానంది. ఒకటి తీరిందని కళ్లారా చూస్తే గానీ మిగతావి తీర్చే ఓపిక రాదంది. రాసుకున్నాను. మూసేసిన రోజు తను ఫోన్ చేసింది, అది ఆదివారం కూడా కాదు.

మా మధ్య ఉన్న నియమాల్లో అన్నిటికంటే గట్టిది, డబ్బు చేతులు మారకూడదన్నది. అప్పు ఇవ్వం, హామీ సంతకం పెట్టం, పెట్టుబడి కలిసి పెట్టం. ఈ నియమం తను పెట్టింది. ఒక నెల అనుకోని ఆసుపత్రి ఖర్చు వచ్చి తనకు చాలా ఇబ్బంది అయింది. నా దగ్గర ఉంది, ఇస్తానన్నాను. ఇవ్వాలని మనస్ఫూర్తిగా అనిపించింది. తను కాసేపు ఆగి, "నువ్వు ఇస్తే వచ్చే ఆదివారం నీకు నిజం చెప్పలేను" అంది. నాకు బాకీ ఉండి, ఆ వారం ఒక చీరో చెప్పులో కొనుక్కుంటే ఆ సంగతి నాతో ఎలా చెబుతుంది? నేను మాత్రం ఎంత మామూలుగా వినగలను? ఆ నెల తను కార్డు కంపెనీకి తనే ఫోన్ చేసి గడువు అడిగింది. మాట్లాడే ముందు ఏం అడగాలో నాతో ఒకసారి అనుకుని చూసుకుంది. అప్పుడు నాకు చేతనైన సాయం అదే, అది చేశాను.

అలా ముందు అనుకుని చూసుకోవడం చాలా చోట్ల పనికొస్తుంది. మన ఖర్చుల్లో కష్టమైనవి ఒంటరిగా చేసేవి కావు, నలుగురితో కలిసి చేసేవి. అందరూ కలిసి టూర్ వెళ్దామంటారు, ఎవరికో బహుమతి కోసం తలా ఇంత అంటారు, దగ్గరి చుట్టం అప్పుకు హామీ సంతకం పెట్టమంటాడు. కాదనాలని తెలిసినా నోట మాట రాదు. తను నాతో ఫోన్‌లో "ఈ నెల నా లెక్కలో లేదు, నన్ను లెక్కలో వేసుకోకండి" అని రెండుసార్లు పైకి అని, మూడోసారి వాళ్లతో అంది. హామీ సంతకం విషయంలో నేనూ అంతే. అప్పు తీసుకున్న మనిషి కట్టకపోతే ఆ బాకీ నేను కట్టాలి అన్న వాక్యాన్ని తన ముందు పైకి చదివాక, కాదని చెప్పడం తేలికైంది.

యంత్రం చేయగలిగిన పనికి మనిషిని వాడుకోవద్దు. జీతం పడిన రోజే కొంత దానంతటదే పొదుపు ఖాతాలోకి వెళ్లేలా పెట్టుకోవచ్చు. జీతం పెరిగిన ప్రతిసారీ పొదుపు శాతం కూడా పెరిగేలా ముందే ఒప్పుకున్న ఉద్యోగులు, 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతం దాకా పొదుపు పెంచుకున్నారని 2004లో ఒక అమెరికన్ అధ్యయనం చూపించింది. అందులో ఎవరూ ఎవరికీ ఫోన్ చేయలేదు. కరెంటు బిల్లు కట్టావా, ఈఎంఐ వెళ్లిందా లాంటివి మేం ఒకరినొకరు అడగం, వాటికి ఆటో డెబిట్ ఉంది. ఆ అరగంట, బ్యాంకుకు అర్థం కాని విషయాల కోసం.

అలాగే పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ, కార్డు నంబరు ఒకరివి ఒకరికి ఇచ్చుకోం. ఫోన్ స్క్రీన్ కూడా షేర్ చేయం. అంకె నోటితో చెబితే చాలు. చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి స్టేట్‌మెంట్ అడగాల్సిన రోజు వస్తే, మా ఏర్పాటు అప్పటికే చెడిపోయిందని అర్థం.

ఒక్క స్నేహం సరిపోని సందర్భాలు ఉంటాయి. అప్పు చేయకుండా ఉండలేని స్థితిలో ఉన్నవాళ్ల కోసం న్యూయార్క్‌లో 1976లో మొదలైన డెటర్స్ అనానిమస్ అనే సహాయక సంఘం ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. ఫీజు ఉండదు. అక్కడ ఒక సభ్యుడి లెక్కను ఇద్దరు తోటి సభ్యులు కూర్చుని చూసి, ఖర్చు ప్రణాళిక వేసుకోవడానికి సాయం చేస్తారు. ఒకరు కాకుండా ఇద్దరు ఉండటం నాకు నచ్చింది, ఏ ఒక్కరి అభిప్రాయమూ శాసనం కాదు. పొదుపు సంఘాల్లో అయితే పశ్చిమ ఆఫ్రికా దేశమైన నైజర్‌లో 1991లో కేర్ అనే అంతర్జాతీయ సహాయ సంస్థ మొదలుపెట్టిన పద్ధతి చూడండి. డబ్బు పెట్టెకు మూడు తాళాలు, మూడు తాళంచెవులు ముగ్గురు వేర్వేరు సభ్యుల దగ్గర. అందరూ చేరితే గానీ పెట్టె తెరుచుకోదు, తెరిచాక అందరి ముందే లెక్కపెడతారు. ఎవరినీ అనుమానించనక్కర్లేదు, ఎవరినీ గుడ్డిగా నమ్మనక్కర్లేదు. గుంపుగా డబ్బు దాచుకోవాలనుకుంటే ఇలాంటి ఏర్పాటు లేకుండా మొదలుపెట్టకండి.

జూదం, ఆన్‌లైన్ బెట్టింగ్ అలవాటు ఉంటే, లేదా వడ్డీ కట్టడానికి మళ్లీ అప్పు చేస్తుంటే, వినే స్నేహితురాలితో పని కాదు. మొదటిదానికి మానసిక వైద్యులు, రెండోదానికి లాభాపేక్ష లేని రుణ సలహా కేంద్రం కావాలి. స్నేహితురాలు అక్కడిదాకా తోడు రాగలదు. అది కూడా చిన్న సాయమేమీ కాదు.

మొదలుపెట్టాలనుకుంటే ఎలా అడగాలని నన్ను చాలామంది అడిగారు. "నా లెక్కలు నువ్వు చూసుకో" అని మాత్రం అనకండి, ఎవరైనా భయపడతారు. "వారానికి పదిహేను నిమిషాలు నేను చెప్పేది వింటావా? సలహా ఇవ్వనక్కర్లేదు, డబ్బు అడగను. మూడు నెలలు చేసి చూద్దాం, ఆ తర్వాత నీకు వద్దనిపిస్తే ఆపేద్దాం" అనండి. గడువు ముందే పెట్టుకుంటే మానేయడానికి ఎవరూ ఎవరితోనూ తగవు పడనక్కర్లేదు. మొదటి వారం పెద్ద విషయాలు ఎత్తుకోకండి. ఈ వారం చేసే ఒక్క పని చెప్పండి: ఫలానా సబ్‌స్క్రిప్షన్ రద్దు చేస్తాను, ఫలానా స్టేట్‌మెంట్ తెరుస్తాను. వాళ్లు కుదరదంటే ఎందుకని అడగకండి, ఇంకొకరిని అడగండి. ఒప్పుకుంటే, వాళ్ల లెక్క కూడా వింటానని చెప్పండి. మొదట్లో వద్దంటారు. కొన్ని వారాలయ్యాక, మీ లెక్క పూర్తయ్యాక, "నాది కూడా ఒకటి చెప్పనా" అంటారు.